మేకపాల చీజ్, మాల్టా జ్వరం: ఒక పల్లె వంటకం నేర్పిన ఆరోగ్య పాఠం



పాలు కాచకుండా తాగరాదని మన ఇళ్ళలో పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. ఆ మాటకు వైద్యచరిత్రలో లభించిన బలమైన సాక్ష్యాలలో ఒకటి 1905లో మధ్యధరా సముద్రంలోని మాల్టా అనే చిన్న ద్వీపంలో బయటపడింది. ఆ సాక్ష్యం చెప్పినవి మేకలు. ఆ మేకల పాలతో పల్లెవాసులు చేసుకునే చిన్న చీజ్ బిళ్ళలకు కూడా ఆ కథలో ప్రముఖమైన పాత్ర ఉంది. ఈ వ్యాసంలో ఆ చరిత్రను మీ ముందుంచి, దానివలన మనం గ్రహించవలసినదేమిటో చివరకు చెబుతాను.

ముందుగా ఒక మాట. చీజ్‌ను కొందరు తెలుగులో 'జున్ను' అని రాస్తున్నారు. అది సరికాదు. మన జున్ను, ఈనిన పశువు తొలి రోజులలో ఇచ్చే ముర్రుపాలను బెల్లంతో కలిపి ఆవిరి మీద ఉడికిస్తే గట్టిపడే తీపి పదార్థం. పనీరు, కాగుతున్న పాలలో నిమ్మరసం వంటి పులుపు వేసి విరిచినది. రెండింటిలోనూ పాలు బాగా వేడెక్కుతాయి. ఈ వ్యాసంలో చెప్పబోయే చీజ్ అలా కాదు. సంప్రదాయ పద్ధతిలో దానికి పాలు కాచరు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే తక్కిన కథ అంతా తేలికగా అర్థమవుతుంది.

పాలను నిలవ చేసుకునే ఉపాయం

మేకను మనిషి మచ్చిక చేసి సుమారు 10,000 సంవత్సరాలు అయింది. నేటి ఇరాన్‌లోని జాగ్రోస్ పర్వతప్రాంతంలో అందుకు పురాతనమైన ఆధారాలు దొరికాయి. గడ్డి లేని రాతి గుట్టల మీద, ముళ్ళకంపల నడుమ, ఆవు బతకలేని చోట మేక బతుకుతుంది. అందుకే మధ్యధరా తీరంలోని పేద రైతుకు అది పాడిపశువు అయింది. కాని పాలు పూట గడిస్తే పాడవుతాయి. పిల్లలు పుట్టిన కాలంలో పాలు సమృద్ధిగా ఉంటాయి, తరువాత వట్టిపోతాయి. ఉన్ననాటి పాలను లేనినాటికి దాచుకునే ఉపాయమే చీజ్.

ఆ ఉపాయం చూడటానికి సులభమే. పితికిన పాలు చల్లారకముందే వాటిలో నిన్నటి విరుగుడు నీటిని కొద్దిగా కలుపుతారు. మనం పాలలో తోడు వేసినట్టే ఇది. దానితోపాటు రెనెట్ అనే పదార్థాన్ని కొన్ని చుక్కలు వేస్తారు. పాలు తాగే వయసులో ఉన్న మేకపిల్ల కడుపులో ఊరే ఈ పదార్థానికి పాలను గడ్డకట్టించే గుణం ఉంది. ఒక రోజు గడిచేసరికి పాలు మెత్తని గడ్డగా మారుతాయి. ఆ గడ్డను గరిటెతో తీసి చిల్లులున్న చిన్న గిన్నెలలో గాని అల్లిన బుట్టలలో గాని పోస్తారు. నీరు కారిపోతుంది, గడ్డ బిళ్ళ కడుతుంది. దానిని తిరగేసి, ఉప్పు రాసి, గాలి తగిలేచోట ఆరబెడతారు. రెండో రోజునే తినవచ్చు, వారాలు నెలలు ఆరబెట్టి గట్టిపడ్డాకనూ తినవచ్చు. ప్రాచీన గ్రీకు కావ్యం 'ఒడిస్సీ'లో ఒంటికన్ను రాక్షసుడు పోలిఫీమస్ తన గుహలో చేసే పని కూడా ఇదే. అతడు పాలను విరిచి అల్లిక బుట్టలలో పోసుకుంటాడు.

ఇందులో మూడు రక్షణలు ఉన్నాయి: పులుపు, ఉప్పు, నీటి కొరత. పాలను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులలో అధికభాగం ఈ మూడింటికి తట్టుకోలేవు. అందువలన చీజ్ చెడిపోదు. అయితే 'చెడిపోని ఆహారం' వేరు, 'రోగం తేని ఆహారం' వేరు. పాలు మేక పొదుగులో ఉండగానే వాటిలో చేరిన రోగక్రిమిని ఈ రక్షణలు వెంటనే చంపలేవు. పాల రంగు మారదు, వాసన మారదు, రుచి చెడదు. కనుక తరతరాల అనుభవం ఉన్న చేతులు కూడా ఆ ప్రమాదాన్ని కనిపెట్టలేకపోయాయి.

ఈ ప్రమాదం ఎంత పాతదో చెప్పే రెండు ఆధారాలు పురావస్తు పరిశోధనలో లభించాయి. ఈజిప్టులోని సక్కారాలో మెంఫిస్ నగరపాలకుడైన ప్తాహ్‌మెస్ సమాధిలో దొరికిన ఒక జాడీలోని తెల్లని ముద్ద, సుమారు 3,200 ఏళ్ళ నాటి చీజ్ అని 2018లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అందులో మనం చెప్పుకోబోయే జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని సూచించే మాంసకృత్తి జాడ కూడా ఉన్నదని ఆ పరిశోధకులు పేర్కొన్నారు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కింద సమాధి అయిన హెర్క్యులేనియం పట్టణంలో బొగ్గుగా మారిన చీజ్‌లోనూ అటువంటి సూక్ష్మజీవుల ఆకారాలు కనిపించాయని, అక్కడి అస్థిపంజరాలు కొన్నింటి వెన్నెముకలలో ఆ వ్యాధి గుర్తులు ఉన్నాయని ఒక ఇటాలియన్ పరిశోధకుడు 2002లో రాశారు. ఇవి తిరుగులేని నిరూపణలు కాకపోవచ్చు. కాని చీజ్ వెంట జ్వరం ఎంతో కాలంగా నడుస్తూ వచ్చి ఉండవచ్చునని ఇవి సూచిస్తున్నాయి.

ఇంటి గుమ్మంలో పాలు పితికే ద్వీపం

ఇప్పుడు మాల్టాకు వద్దాం. మాల్టా, దాని పక్కనే ఉన్న గోజో, రాళ్ళు ఎక్కువ, నీళ్ళు తక్కువ అయిన ద్వీపాలు. అక్కడి పల్లెలలో మేకపాలతో గాని గొర్రెపాలతో గాని చేసే గుండ్రని చిన్న చీజ్ బిళ్ళను 'జ్బెయ్‌నా' అంటారు. చీజ్‌కు అరబ్బీలో ఉన్న మాటకు ఇది దగ్గరి బంధువు. వెనుకటి రోజులలో దానిని ఎండిన రెల్లుతో అల్లిన అరచేతి వెడల్పు బుట్టలలో పోసి తయారు చేసేవారు. తాజాగా తినేది ఒక రకం, గాలికి ఆరబెట్టినది మరొక రకం, మిరియాలు అద్ది నిలవచేసినది ఇంకొక రకం. ఇంటి ఆడవారి చేతి పని ఇది. కుటుంబానికి కూరకు కూర, అమ్ముకుంటే నాలుగు డబ్బులు.

పట్టణాలలో పాలు అమ్మే పద్ధతి కూడా విలక్షణమైనది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మాల్టాలో సుమారు 20,000 మేకలు ఉండేవి. మేకల కాపరి మందను వీధులలో తోలుకుంటూ వచ్చి, ఇంటి గుమ్మం ముందు నిలిపి, గృహిణి కళ్ళ ఎదుటనే పాత్రలోకి పాలు పితికేవాడు. నీళ్ళు కలపలేదన్న నమ్మకం, తాజావన్న తృప్తి కొనేవారికి ఉండేవి. కల్తీ లేని పాలు కావాలని కోరుకునే మనకు ఈ పద్ధతి ఆదర్శంగా తోచవచ్చు. కాని ఆ పాలలో కల్తీ లేకపోయినా క్రిమి ఉంది.

ఆ రోజులలో మాల్టా బ్రిటిష్ పాలనలో ఉండేది. వేలాది సైనికులు, నావికులు అక్కడ విడిది చేసేవారు. వారిని ఒక వింత జ్వరం పీడించేది. జ్వరం కొన్నాళ్ళు ఎక్కేది, కొన్నాళ్ళు తగ్గేది, మళ్ళీ ఎక్కేది. రాత్రిళ్ళు పక్క తడిసేటంత చెమటలు, కీళ్ళ నొప్పులు, నడుము నొప్పి, వృషణాల వాపు, లోతైన దిగులు. రోగి నెలల తరబడి మంచం మీద ఉండేవాడు. మరణాలు తక్కువే, బాధ మాత్రం సుదీర్ఘం. అల వలె లేచి పడుతుంది గనుక దానికి 'అలల జ్వరం' అని అర్థం వచ్చే పేరు కూడా పెట్టారు. జెఫ్రీ మార్‌స్టన్ అనే సైనిక వైద్యుడు తానే ఆ జ్వరాన పడి, 1860 ప్రాంతాలలో దాని లక్షణాలను వివరంగా నమోదు చేశాడు. కారణం మాత్రం తెలియలేదు. మురుగు కాలువల దుర్గంధాన్ని, రేవులోని మురికి నీటిని, దోమలను, దుమ్మును ఒకదాని తరువాత ఒకటిగా అనుమానించారు.

1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఈ జ్వరంతో మరణించిన సైనికుల ప్లీహం నుండి ఒక అతి సూక్ష్మమైన క్రిమిని వేరుచేశాడు. ఈ పనిలో ఆయన భార్య మేరీ, మాల్టా వైద్యుడు కరువానా షిక్లూనా ఆయనకు తోడ్పడ్డారు. క్రిమి దొరికింది గాని అది మనిషిలోకి ఎక్కడినుండి వస్తున్నదో తెలియక మరి 18 ఏళ్ళు గడిచాయి. 1897లో ఆల్మ్‌రాత్ రైట్ ఒక రక్తపరీక్షను రూపొందించాడు. రోగి రక్తరసాన్ని ఆ క్రిములున్న ద్రవంలో కలిపితే క్రిములు గుంపుగా అతుక్కుంటాయి. ఆరోగ్యవంతుని రక్తరసానికి ఆ గుణం ఉండదు. మన టైఫాయిడ్ విడాల్ పరీక్ష కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తుందని మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

జమ్మిత్ పరీక్షించిన మేకలు

1904లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఈ జ్వరాన్ని పరిశోధించడానికి ఒక సంఘాన్ని నియమించింది. బ్రూస్ దానికి అధ్యక్షుడు. సభ్యులలో థెమిస్టొక్లీస్ జమ్మిత్ అనే మాల్టా వైద్యుడు ఉన్నాడు. తరువాతి కాలంలో ఆ ద్వీపపు ప్రాచీన దేవాలయాలను తవ్వి వెలికితీసిన పురావస్తు పండితుడు కూడా ఈయనే. 1905 జూన్‌లో ఆయన కొన్ని మేకలను తెప్పించాడు. మేకలకు ఈ జ్వరం రాదన్నది అప్పటి నమ్మకం. ప్రయోగం మొదలుపెట్టే ముందు వాటి రక్తాన్ని పరీక్షించాడు. ఏ క్రిమినీ ఎక్కించకముందే, ఎక్కువ మేకల రక్తరసం ఆ క్రిములను గుంపుకట్టించింది! మేకలు మేత మేస్తున్నాయి, పాలిస్తున్నాయి, చూడటానికి ఆరోగ్యంగా ఉన్నాయి. కాని వాటి రక్తంలోనూ, పాలలోనూ, మూత్రంలోనూ ఆ క్రిమి ఉంది.

తరువాత మందలన్నింటినీ పరీక్షించినప్పుడు ద్వీపంలోని మేకలలో దాదాపు సగానికి ఈ అంటు సోకిందని, సుమారు పదింట ఒకటి పాలలో క్రిమిని విడుదల చేస్తున్నదని తేలింది. అంతవరకు అర్థం కాని విషయాలెన్నో ఒక్కసారిగా విడిపోయాయి. సామాన్య సిపాయిల కంటె పాలు ఎక్కువగా తాగగలిగిన అధికారులకే ఈ జ్వరం ఎక్కువగా ఎందుకు వచ్చేది? వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేరిన వారికి అక్కడ ఈ జ్వరం ఎందుకు పట్టుకునేది? బలం కోసం ఆసుపత్రిలో ఇచ్చిన మేకపాలే వారికి జ్వరాన్ని అంటించాయి.

అదే సంవత్సరం ఆగస్టులో జరిగిన ఒక సంఘటన ఈ నిర్ధారణకు అనుకోని సాక్ష్యమైంది. మాల్టా మేకల పాడికి మంచి పేరు ఉన్నందున, అమెరికా ప్రభుత్వ పశుసంవర్ధక శాఖ 60కి పైగా మేకలను కొని 'జాషువా నికల్సన్' అనే ఓడలో ఎక్కించింది. దారిలో ఓడ సిబ్బంది ఆ పాలను ఇష్టంగా తాగారు. కొద్ది వారాలలో పాలు తాగినవారిలో చాలామంది మాల్టా జ్వరంతో పడకవేశారు. అమెరికా చేరిన మేకలను అక్కడ విడిగా ఉంచి పరీక్షించి, చివరకు చంపివేయవలసి వచ్చింది.

ఎవరిని కాపాడారు, ఎవరిని వదిలివేశారు

1906లో సైనిక శిబిరాలలో మేకపాలను నిషేధించి, డబ్బాలలో వచ్చే చిక్కని పాలను ఇచ్చారు. ఫలితం అద్భుతం. 1905లో మాల్టాలోని సైన్యంలో 600కు పైగా ఉన్న జ్వరం కేసులు రెండేళ్ళలో దాదాపు అదృశ్యమయ్యాయి. మందు లేదు, టీకా లేదు. కేవలం ఆహారంలో ఒక మార్పు. ప్రజారోగ్య చరిత్రలో ఇంత శీఘ్రంగా, ఇంత స్వల్ప వ్యయంతో లభించిన విజయాలు అరుదు.

అయితే ఇక్కడే ఆగి ఆలోచించవలసిన విషయం ఉంది. ఆ విజయం శిబిరం గోడ దాటి బయటికి రాలేదు. మాల్టా ప్రజలు అవే పాలు తాగుతూ, అదే జ్వరంతో బాధపడుతూనే ఉన్నారు. సైనికునికి ఉత్తరువు ఇస్తే చాలు, మరునాటినుండి పాలు మానేస్తాడు. పేద గృహస్థు ఏం చేయగలడు? మేక అతని ఆస్తి. పాలు అతని పిల్లల ఆహారం. చీజ్ అతని ఇంటి ఆదాయం. రోగమున్న మేకలను చంపాలంటే అతనికి నష్టపరిహారం ఇవ్వాలి. ఆరోగ్యంగా కనిపించే మేకలో రోగం ఉన్నదంటే నమ్మించాలి. పాలు కాచితే రుచి పోతుందన్న అలవాటును మార్చాలి. ఇవేవీ ఉత్తరువులతో జరిగే పనులు కావు. మాల్టాలో పాలను పాశ్చరైజ్ చేసే కేంద్రం 1938లో గాని రాలేదు. అంటే జమ్మిత్ కారణం కనుగొన్న 33 ఏళ్ళకు! ఆ తరువాతనే గుమ్మం ముందు పాలు పితికే పద్ధతిని ఒక్కొక్క ఊరిలో క్రమంగా మాన్పించారు.

కారణం కనుగొనడం వైద్యశాస్త్రంలో సగం పని మాత్రమే. కనుగొన్నదానిని పేదవాని వంటింటి దాకా చేర్చడం మిగిలిన సగం. ఆ రెండో సగానికే ఎప్పుడూ ఎక్కువ కాలం పడుతుంది.

చీజ్ రుచిని వెతుకుతూ రోగాన్ని కనుగొన్న స్త్రీ

ఈ కథలో మరొక ముఖ్యమైన పేరు ఆలిస్ ఈవన్స్. 1881లో అమెరికాలో జన్మించిన ఈమె ఆ దేశపు వ్యవసాయశాఖలో చేరి, మొదట చెడ్డర్ చీజ్ రుచికి కారణమయ్యే సూక్ష్మజీవుల మీద పనిచేశారు. అక్కడినుండి ఆమె దృష్టి తాజా పాలలో ఉండే క్రిముల మీదికి మళ్ళింది. ఆవులలో గర్భస్రావానికి కారణమయ్యే క్రిమిని డెన్మార్క్ శాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ బాంగ్ 1897లోనే కనుగొన్నాడు. అది వేరు, మాల్టా జ్వరపు క్రిమి వేరు అని అందరూ భావించేవారు. రెండూ దగ్గరి బంధువులని, కాచని ఆవుపాల వలన కూడా మనిషికి ఈ జ్వరం రావచ్చునని ఈవన్స్ 1918లో ప్రచురించారు. ఆమె స్త్రీ, పైగా డాక్టరేటు లేదు. చాలామంది ఆమె మాటను నమ్మలేదు. పాల వ్యాపారులకు ఆ మాట రుచించలేదు. కొద్ది ఏళ్ళలో ఇతర దేశాల పరిశోధకులు ఆమె చెప్పినది నిజమని నిర్ధారించారు. ఆ క్రిముల కుటుంబానికి బ్రూస్ పేరు మీదుగా 'బ్రూసెల్లా' అని, వ్యాధికి 'బ్రూసెల్లోసిస్' అని పేరు స్థిరపడింది.

1922లో ప్రయోగశాలలోనే ఆమెకు ఆ వ్యాధి సోకింది. దాని బాధ ఆమెను రెండు దశాబ్దాలకు పైగా వెంటాడింది. అయినా పాలన్నింటినీ పాశ్చరైజ్ చేయాలని ఆమె వాదిస్తూనే వచ్చారు. 1930ల నాటికి అమెరికాలో ఆ పద్ధతి విస్తృతంగా అమలులోకి వచ్చింది. పాలను 63 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు గాని, 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు గాని ఉంచితే బ్రూసెల్లా నశిస్తుంది. మన పొయ్యి మీద పొంగు వచ్చేదాకా కాచిన పాలలో అది బతకదు.

తలుపు మూశారు, కిటికీ మరిచారు

పాలను శుద్ధి చేస్తే వ్యాధి ముగిసినట్టేనా? మాల్టా చరిత్రే దీనికి సమాధానం చెప్పింది. 1995లో ఆ ద్వీపంలో బ్రూసెల్లోసిస్ మళ్ళీ చెలరేగింది. 100కు పైగా వ్యాధిగ్రస్తులు, ఒక మరణం. ఈసారి మూలం పాలు కాదు, కాచని పాలతో చేసి అమ్మిన తాజా జ్బెయ్‌నాలు. దుకాణంలోని పాలు పాశ్చరైజ్ అయ్యాయి గాని, పల్లె ఇంటి చీజ్ పాత పద్ధతిలోనే సాగింది. పాలు కాచి తాగే మనిషి, అవే పాలు కాచకుండా చేసిన చీజ్‌ను నిస్సందేహంగా తిన్నాడు. తాజాగా, మెత్తగా, నీరు ఎక్కువగా ఉన్న చీజ్‌లో బ్రూసెల్లా వారాల తరబడి బతికి ఉండగలదు.

అయితే పల్లె చీజ్‌ను ఆపివేయడమే మార్గమా? కాదు. మధ్యధరా దేశాల అనుభవం మూడు మార్గాలు చూపింది.

మొదటిది, పాలను వేడిచేసి చల్లార్చి, ఆ తరువాత తోడు, రెనెట్ కలపడం. రుచిలో కొంత తేడా వస్తుందని తయారీదారులు అంటారు. కాని వ్యాధి భయం ఉన్నచోట ఇదే ఉత్తమం.

రెండవది, చీజ్‌ను ఎక్కువ కాలం ఆరబెట్టి మగ్గబెట్టడం. కాలం గడిచేకొద్దీ పులుపు, ఉప్పు, పొడితనం కలిసి క్రిములను తగ్గిస్తాయి. కాచని పాలతో చేసిన చీజ్‌ను కనీసం 60 రోజులు మగ్గబెట్టాలని అమెరికా 1949లో నియమం చేసింది. కాని కొన్ని ఇతర రోగక్రిములు 60 రోజుల తరువాత కూడా బతికి ఉండగలవని తరువాతి పరిశోధనలు చూపాయి. కనుక ఇది ఒంటరిగా నమ్మదగిన రక్షణ కాదు.

మూడవది, అన్నింటికంటె మూలమైనది, మేక ఆరోగ్యం. మేకలకు, గొర్రెలకు ఇచ్చే 'రెవ్-1' అనే టీకాను ఎల్‌బర్గ్, ఫాన్స్ అనే పరిశోధకులు 1957లో ప్రచురించారు. అది నేటికీ వాడుకలో ఉంది. ఫ్రాన్స్‌లో రొకమదూర్, సెంత్-మోర్-ద-తురేన్ వంటి మేకపాల చీజ్‌లను నేటికీ కాచని పాలతోనే చేయాలన్న నియమం ఉంది. రొకమదూర్ బిళ్ళ తూకం 35 గ్రాములే. సెంత్-మోర్ పొడవాటి కడ్డీలా ఉండి, నడుమ ఒక గడ్డిపరక గుచ్చి ఉంటుంది. అంతటి చిన్న సంప్రదాయాన్ని వారు నిలబెట్టుకోగలగడానికి కారణం మందలను క్రమం తప్పకుండా పరీక్షించి వ్యాధి లేనివిగా ఉంచుకోవడమే. అయినా ఏమరుపాటుకు తావు లేదు. 2012లో ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ ప్రాంతంలో ఒక ఆవుల మందకు ఈ వ్యాధి సోకింది. ఆ పాలతో చేసిన తాజా చీజ్ తిన్న ఒక బాలుడు జ్వరపడ్డాడు. విచారిస్తే ఆ వ్యాధి కొండల మీద తిరిగే ఐబెక్స్ అనే అడవి మేకలలో దాగి ఉన్నదని తేలింది.

ఇక మన సంగతి

మనకు కాచని పాలతో చీజ్ చేసే సంప్రదాయం లేదు. పాలు కాచి, తోడు పెట్టి, పెరుగు చేసుకునే అలవాటు మనలను చాలావరకు కాపాడింది. అయినా తెలుగు నాట బ్రూసెల్లోసిస్ లేదనుకోరాదు. పశువులు చూలు నిలవక ఈసుకుపోయే జబ్బుకు ముఖ్య కారణాలలో ఇది ఒకటి. మందలను మేపే గొల్ల, కురుమ కుటుంబాలవారు, పశువైద్య సిబ్బంది, కబేళాలలో పనిచేసేవారు దీనికి ఎక్కువగా గురవుతారు. ఈసుకుపోయిన మేక మాయను, చచ్చిన పిల్లను ఉత్త చేతులతో తీయడం వలన కూడా ఈ క్రిమి మనిషికి అంటుకుంటుంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో ఆవు, గేదె పెయ్యలకు బ్రూసెల్లా టీకా ఉచితంగా వేస్తున్నారు. 4 నుండి 8 నెలల వయసులోని ఆడ పెయ్యలకు ఒక్కసారి వేయిస్తే చాలు. మీకు పశువులుంటే ఆ అవకాశాన్ని వదులుకోకండి.

మరొక విషయం నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది. డెంగీ జ్వరాల కాలం వచ్చిందంటే మేకపాలకు విపరీతమైన గిరాకీ ఏర్పడుతున్నది. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని, కాచితే గుణం పోతుందని చెప్పి పచ్చిపాలనే రోగికి తాగిస్తున్నారు. మేకపాలు ప్లేట్‌లెట్లను పెంచుతాయనడానికి నమ్మదగిన వైద్య ఆధారం లేదు. డెంగీలో జ్వరం తగ్గిన కొద్ది రోజులకు చాలామందికి ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరుగుతాయి. ఆ సమయంలో తాగిన దేనికైనా ఆ కీర్తి దక్కుతుంది. మాల్టా ఆసుపత్రిలో బలానికని ఇచ్చిన పాలు ఏం చేశాయో ఇప్పుడే చదివారు. ఒక జ్వరం తగ్గడానికని తాగినది నెలల తరబడి పీడించే మరొక జ్వరాన్ని తేకూడదు.

మేకపాలు చెడ్డవని నేను చెప్పడం లేదు. కాచిన మేకపాలు మంచి ఆహారమే. గాంధీజీ 1919 నుండి మేకపాలు తీసుకున్న సంగతి మీకు తెలిసినదే. ఏడాది లోపు పసివారికి మాత్రం తల్లిపాలకు బదులుగా వాటిని పట్టరాదు. వాటిలో ఫోలేటు అనే విటమిను చాలా తక్కువ గనుక రక్తహీనత కలుగుతుంది.

గుర్తుంచుకోవలసినవి

1. మేకపాలైనా, గేదెపాలైనా, ఆవుపాలైనా పొంగు వచ్చేవరకు కాచి తాగండి. 'మా మేక ఆరోగ్యంగా ఉంది' అన్నది హామీ కాదు. జమ్మిత్ పరీక్షించిన మేకలు కూడా ఆరోగ్యంగానే కనిపించాయి.

2. చీజ్ కొనేటప్పుడు పాశ్చరైజ్ చేసిన పాలతో చేసినదో కాదో పొట్లం మీద చూడండి. విదేశాలలో ఉంటున్న మీ పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి. ముఖ్యంగా గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధకశక్తి తగ్గినవారు కాచని పాలతో చేసిన మెత్తని చీజ్‌ను పూర్తిగా మానాలి.

3. పాడిమేకలు పెంచి చిన్నపాటి చీజ్ తయారీ మొదలుపెట్టాలనుకునే యువకులు ముందుగా పశువైద్యునిచేత మందకు రక్తపరీక్ష చేయించండి. పాలు వేడిచేయడానికి ఒక ఉష్ణమాపకాన్ని అన్నింటికంటె ముందు కొనండి.

4. పశువు ఈసుకుపోతే చేతి తొడుగులు లేకుండా తాకకండి. మాయను కుక్కలకు వేయక లోతుగా పూడ్చండి.

5. రెండు మూడు వారాలు దాటినా విడవని జ్వరం, రాత్రి చెమటలు, నడుము లేదా కీళ్ళ నొప్పులు ఉంటే, మీరు మందల వెంట తిరిగినా, పచ్చిపాలు తాగినా ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పండి. ఈ జ్వరం టైఫాయిడ్ వలె, క్షయ వలె భ్రమింపజేస్తుంది. ఆ ఒక్క మాట వింటే వైద్యుడు సరైన రక్తపరీక్ష చేయిస్తాడు. సాధారణంగా డాక్సీసైక్లిన్‌తో పాటు మరొక మందును కలిపి 6 వారాలు వాడవలసి ఉంటుంది. వైద్యుని సలహా లేకుండా మొదలుపెట్టకండి. జ్వరం తగ్గిందని నడుమ ఆపకండి. ఆపితే తిరగబెడుతుంది.

ఈ వ్యాసం మీకు ఉపయోగకరమనిపిస్తే మేకలు, గొర్రెలు మేపుకునే మీ ఊరివారికి చదివి వినిపించండి. మాల్టాలో ప్రయోగశాలనుండి పేదవాని ఇంటికి చేరడానికి 33 ఏళ్ళు పట్టిన మాట, మన ఊళ్ళలో అంత ఆలస్యం కానక్కరలేదు.